అటు తిరిగి నిలబడే కోచ్

నేను రిటైరయ్యాక మా చర్చి సంఘం నాకు అప్పగించిన పని ఒక్కటే. మా మిషన్ స్కూల్లో కొత్తగా చేరిన బాస్కెట్‌బాల్ కోచ్‌కు పని వచ్చో రాదో చూసి చెప్పాలి. అంతకుముందు ఆ ఆడపిల్లల జట్టును తయారుచేసింది నేనే కాబట్టి నన్నడిగారు.

"టీచరమ్మా, సాయంత్రం పూట ఖాళీగనే ఉంటవ్ గద. జర పోయి కూసో" అన్నాడు సంఘం సెక్రటరీ.

ఖాళీగానే ఉంటాను. మా ఆయన పోయినప్పటి నుంచి నల్లగొండలోని ఆ ఇంట్లో సాయంత్రాలు కదలవు. వాక్యం చదువుకోవడం, ఒక్కదానికి వండుకోవడం, అంతే. ఈ పని దేవుడే ఇచ్చాడనుకుని వెళ్ళాను.

జట్టు అప్పటికి జట్టులా లేదు. తెలంగాణ వచ్చాక గురుకులాలు పెరిగాయి. మా హాస్టల్లో పొడుగ్గా, చురుగ్గా ఉన్న పిల్లలు ఒక్కొక్కరే అటు వెళ్ళిపోయారు. మంచిదే, చదువు బాగుపడింది. మిగిలినవాళ్ళలో సగం మందికి చేతిలో బంతి నిలవదు. కోచ్ అచ్చంపేట దిక్కు రైతుల ఇంటి పిల్లగాడు. మా సంఘం వాడు కాదు, శనివారం ఒక్కపొద్దు ఉంటాడు. మొదటి ఏడాది ఆడిన ప్రతి మ్యాచూ ఓడిపోయారు. రెండో ఏడాదీ అంతే.

కానీ పెద్దలకు అసలు కోపం ఓటమి మీద కాదు. పిల్లలు రెండు జట్లుగా విడిపోయి ఆడుతుంటే, ఇతను కోర్టుకు వీపు పెట్టి ప్రహరీ గోడ వైపు తిరిగి నిలబడేవాడు. చర్చి గేటు కోర్టు పక్కనే. ప్రార్థనకు వచ్చేపోయేవాళ్ళందరి కంటా పడేవాడు.

"ఫోన్ల ఏమన్న జూస్తుండేమో."

"గోడకు ఆట నేర్పుతుండు, ఊకోండ్రి."

ఒకరోజు నేనే దగ్గరికి వెళ్ళాను. చేతిలో ఫోను లేదు. చేతులు వెనక్కి కట్టుకుని తల కొంచెం వంచి ఉన్నాడు.

"ఏంది బాబూ, ఆట అటుంటే నువ్విటు తిరిగినవ్?"

"నేను జూస్తుంటే వాళ్ళు ఆడుతలేరు మేడమ్. బంతి జారిందంటే సాలు, నా మొఖం దిక్కు జూస్తరు, తిడుతనా ఏందని. గంతల అవతలోళ్ళు పోయి బుట్టల ఏస్తరు."

"మరి నువ్వు చూడకుంట నేర్పేదెట్ల?"

"వింటున్న మేడమ్. వెనకున్న పిల్ల ముందున్న పిల్లకు చెప్పాలె గద, కుడి దిక్కుకెళ్ళి వస్తున్నరు, ఆపు అని. ఒక్కలు గూడ నోరు తెరుస్తలేరు. మీరు గూడ జర వినుండ్రి."

కళ్ళు మూసుకుని విన్నాను. బూట్ల చప్పుడు, బంతి చప్పుడు, రొప్పు. మాట లేదు. అంతమంది పిల్లలు ఒకే కోర్టులో ఎవరికి వారే పరుగెత్తుతున్నారు.

అట్లాంటి నిశ్శబ్దం నాకు తెలుసు. శుక్రవారం మా సంఘంలో గొలుసు ప్రార్థన ఉంటుంది. అందరం కళ్ళు మూసుకుంటాం. ఒకరి ప్రార్థన ముగియగానే పక్కవారు అందుకోవాలి. పేరు పెట్టి పిలవడం, తట్టడం ఉండదు, గొంతును బట్టి తెలుసుకోవాలి. ఆడవాళ్ళ వరుసలో చివరన నేను, మగవాళ్ళ వరుసలో మొదట మా ఆయన కూర్చునేవాళ్ళం. నా చివరి మాట పూర్తి కాకముందే ఆయన గొంతు సవరించుకోవడం వినపడేది. ఇప్పుడు ఆ చోటు ఖాళీ. మొదట ఎవరు అందుకోవాలో మగవాళ్ళకు తేలదు. నేను ముగించాక చాలాసేపు ఫ్యాను చప్పుడే ఉంటుంది. అది వింటూ తల వంచుకుని ఉంటాను.

నా కాలంలో పిల్లలు నా వేలు ఎటు కదిలితే అటు కదిలేవారు. గెలిచేవారు కూడా. ఇతని దారి వేరు. ఫలించడానికి కాలం పట్టే దారి. పని వచ్చినవాడేనని ఆ సాయంత్రమే నా మనసుకు నిశ్చయమైంది. కానీ చూపించడానికి ఒక్క గెలుపు కూడా లేదు.

రెండో ఏడాది చివర సంఘం కమిటీ కూర్చుంది. నన్నూ పిలిచారు, కోచ్‌ను పిలవలేదు. అతన్ని ఉంచాలా, పంపాలా తేల్చాలి. ముందుగా గొలుసు ప్రార్థన. మా పెద్దలకు ఒక అలవాటుంది. మనిషి ముఖం మీద అనలేనిది అందరికీ వినపడేటట్టు దేవుడితో చెప్పుకుంటారు.

"ప్రభువా, పనికి వీపు పెట్టి నిలబడేటోళ్ళను నువ్వే గద్దించు" అన్నాడు సెక్రటరీ.

అందరూ ఆమెన్ అన్నారు.

"తండ్రీ, నార్కట్‌పల్లిల ఆట నేర్చిన బిడ్డ ఒకడు ఖాళీగ ఉన్నడు. గా బిడ్డ అక్కర నీకు తెలుసు" అన్నాడు ఇంకో పెద్దాయన. ఆ బిడ్డ ఆయన అల్లుడు.

మళ్ళీ ఆమెన్.

నా వంతు వచ్చింది. "ప్రభువా, మా పిల్లలు ఒకరినొకరు పిలుచుకునుడు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నరు. నేర్పేటాయన నీ మందిరానికి రాకున్నా, ఆయన్ని పంపింది నువ్వే. గోడ దిక్కు తిరిగి ఆయన పిల్లల గొంతులు వింటున్నడు, నేను జూసిన. ఇంకొక్క ఏడాది ఆయన్ని ఈడనే ఉంచు తండ్రీ."

"ఆమెన్" అన్నారు అందరూ, అలవాటు కొద్దీ.

కళ్ళు తెరిచి ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పాస్టరు అయ్యగారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఆమెన్ అన్నంక ఇంక మాట్లాడేదేముంది" అన్నారు.

నేను ఎత్తు వేసి చేసిన ప్రార్థన కాదది. దేవుణ్ణే అడిగాను. కానీ ఆ మాట ఎవరూ నమ్మలేదు. అల్లుడి కోసం ప్రార్థించిన పెద్దాయన భార్య రోజూ చర్చి నుంచి నాతో కలిసి నడిచి వచ్చేది. ఆ వారం నుంచి ముందే వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. ఆమె గేటు దాటేదాకా నేను చర్చి మెట్ల మీద చెప్పులు మెల్లగా వేసుకునేదాన్ని.

మూడో ఏడాది మహబూబ్‌నగర్‌లో పోటీలకు సెక్రటరీ కూడా మాతో వ్యాన్‌లో వచ్చాడు. ఆట సగమయ్యేసరికి మా వాళ్ళు వెనకబడ్డారు. అవతలి జట్టు తరఫువాళ్ళు డప్పులు కొడుతున్నారు. అంతలో మా పొట్టి పిల్ల చేతిలోంచి బంతి జారింది. ప్రతి తప్పుకూ కోచ్ వైపు తిరిగి చూసేది ఆ పిల్లే. ఆ పిల్ల తిరగలేదు. "ఎడమ దిక్కు! నువ్వు ఆపు, నేనొస్తున్న!" అని అరిచింది. వెనకున్న పిల్ల అప్పటికే కదిలింది. ఆ డప్పుల్లో కూడా వాళ్ళ గొంతులు ఆగలేదు. ఒకరు వదిలిన మాట ఇంకొకరు అందుకున్నారు.

చివరికి ఒక్క బుట్ట తేడాతో ఓడిపోయారు.

తిరుగు దారిలో జడ్చర్ల దగ్గర చాయ్‌కి ఆగినప్పుడు సెక్రటరీ నా పక్కకొచ్చాడు.

"ఓడిపోయిండ్రు గద టీచరమ్మా."

"ఓడిపోయిండ్రు అన్నా."

"పైంగ ఒక్క పిల్ల గూడ గాయన మొఖం జూస్తలేదు. గాయన ఉన్నట్టే లేదు. ఇంక గాయనతోని పనేముంది?"

"మూడేండ్ల సంది ఆయన చేసిన పని గదే అన్నా."

సెక్రటరీ చాయ్ ఊదుకుంటూ పిల్లల వైపు చూశాడు. ఏడ్చిన కళ్ళతోనే ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటున్నారు. కోచ్ ఆ గుంపుకు ఎడంగా, నీళ్ళ క్యాను పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరూ అతన్ని పిలవలేదు.

"సరే, ఉంచుదం తియ్" అన్నాడు సెక్రటరీ. "ఈసారి కమిటీల ముందు తీర్మానం జేస్కుని తర్వాత ప్రార్థన జేస్కుందం. లేకుంటే నువ్వు మల్ల మొదలువెడ్తవ్."

చాలా రోజుల తర్వాత నవ్వాను.

అతని కోసం నేను ప్రార్థన చేసిన సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. వ్యాన్‌లో నా పక్క సీటు ఖాళీ. ముందు సీట్లో అతను ఒక్కడే కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. వెనక పిల్లలు ఆట మొత్తాన్నీ మళ్ళీ ఆడుతున్నారు, మాటలతో. ఒకరి మాట పూర్తి కాకముందే ఇంకొకరు అందుకుంటున్నారు. అతని తల కొంచెం వంగి ఉంది. వింటున్నాడు.

నేనూ కళ్ళు మూసుకున్నాను.