తిండిపోతు కాదు మా అక్క

పోయిన గురువారం తెల్లవారేసరికి మా పెద్ద తోటికోడలు గారు నిద్రలోనే పోయారు. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పారు. నర్సీపట్నంలో మా వీధి మాత్రం ఇంకోలా తేల్చింది: "తిని తిని పోనాది." మా గుమ్మంలో నిలబడే అన్నారు ఆ మాట. నాకు అసహ్యం వేసింది. ఒకప్పుడు ఆవిడ తిండిని నేనూ అలాగే ఎత్తిపొడిచినదాన్నని గుర్తొచ్చి మరీ వేసింది.

ఆవిడను అక్కా అని పిలిచేదాన్ని. పెళ్లి బంతుల్లో అందరికన్నా ముందు ఆవిడే విస్తరి మడిచేసేవారు. "పిట్ట తిండమ్మా ఈవిడది" అని వడ్డించేవాళ్లు మెచ్చుకునేవారు. ఇంటికొచ్చాక బియ్యం డ్రమ్ము వెనక కూర్చుని, చల్లటి అన్నం గిన్నెతోనే, సరిగా నమలకుండా, ఆయాసపడుతూ తినేవారు. ఒకసారి నైవేద్యానికి తీసిపెట్టిన పరమాన్నం కూడా అయిపోయింది.

"దేవుడిదని తెలీదా అక్కా?"

"తెలుసమ్మా. సెయ్యి ఆగనేదు."

నేను నమ్మలేదు. అమ్మవారి ముందు కూర్చోబెట్టి, వారానికి రెండు ఉపవాసాలు మొక్కించాను. వంటగదికి తాళం వేసి, తాళంచెవి నా బొడ్లో దోపుకున్నాను. ఉపవాసం మర్నాడు ఆవిడ ఇంకా ఎక్కువ తినేవారు. భక్తి లేదని దెప్పాను.

మోకాళ్ల నొప్పులకని విశాఖ తీసుకెళ్తే, అక్కడి డాక్టరమ్మ తిండి గురించి అడిగారు. ఆకలి లేకపోయినా తింటారా? కడుపు నొప్పెట్టేదాకా తింటారా? ఆపాలన్నా ఆపలేరా? సిగ్గుపడి ఒంటరిగా తింటారా? అన్నిటికీ అక్క తల ఊపారు.

"తిన్నాక మీ మీద మీకే అసహ్యం వేస్తుందా?"

"ముందు మా ఇంట్లోవోళ్లకి ఏస్తాదండి. నా వొంతు ఆఖరు."

నేను గోడ వైపు చూశాను. వారానికి ఎన్నిసార్లు, ఎన్ని నెలల నుంచి, తిన్నది పోగొట్టుకోవడానికి ఏమైనా చేస్తున్నారా అని కూడా అడిగి రాసుకుని, ఇది జబ్బు, చెడ్డబుద్ధి కాదు అన్నారామె. కడుపు మాడ్చుకుంటే ఈ జబ్బు ఇంకా ముదురుతుందన్నారు. ఉపవాసాల సంగతీ, తాళం సంగతీ నేనే చెప్పాను.

ఇంటికొచ్చి తాళం తీసేశాను. మొక్కు తప్పినందుకు అమ్మవారి ముందు నేనే లెంపలు వేసుకున్నాను. ఇంకొకరి కడుపు మీద నా భక్తి చూపించుకున్నాను మరి. తర్వాత రెండేళ్లు వేళకు ఇద్దరం కలిసి తిన్నాం, నెలనెలా విశాఖ వెళ్లాం. జబ్బు పూర్తిగా పోలేదు. కానీ నేను తిట్టనని తెలిశాక, "ఈ వారం ఒక్కసారేనే" అని తనే చెప్పేవారు.

పోయిన నెలలో ఒక ఉదయం ఇడ్లీ కంచం పట్టుకుని వీధి అరుగు మీదికి వెళ్లి కూర్చున్నారు. ఎదురింటామె చూడనే చూసింది.

"మళ్లీ మొదలెట్టీసేవేటి పెద్దమ్మా?"

"మొదలెట్టేనే. రా, నువ్వూ తిందువు."

ఆమె నవ్వుకుంటూ లోపలికి పోయింది. అక్క కంచాన్ని కొంగు చాటుకు లాక్కోలేదు. ఆటోలు పోతున్న వీధి వైపే చూస్తూ, ఒక్కో ముక్కా తుంచుకుని, మెల్లగా నమిలారు.