కిటికీ కింద చోటు

ఫినాయిల్ వాసన తగిలితే నాకు ఆస్పత్రి కాదు, మేం కాపురమున్న ఇల్లు గుర్తొస్తుంది. నాంపల్లిలో పాత సర్కారు దవాఖానను మార్చి కింద దుకాణాలు, మధ్యలో ఆఫీసులు, పైన కిరాయి ఇళ్లు చేశారు. గుంటూరు నుంచి వచ్చిన మాకు పైన ఒక గది దొరికింది. ఎన్నిసార్లు సున్నం వేసినా వానాకాలంలో గోడలు ఆ వాసనే కొట్టేవి.

ఒకరోజు ఎవరో ముసలావిడ గుమ్మం దగ్గర నిలబడింది.

"జర లోపలికి రానిస్తవా అమ్మా? నా బిడ్డ మంచం గా కిటికీ కిందనే ఉండె. మళ్ల ఇంటికి రాలే."

అమ్మ పక్కకు తప్పుకుంది. ఆవిడ వంగి, రోజూ నేను పడుకునే చోట నేలను అరచేత్తో నిమిరి వెళ్లిపోయింది.

సాయంత్రం అమ్మ ఇల్లు మారదామంది.

"ఈ అద్దెకి ఇంకెక్కడ దొరుకుతుందే?" అన్నారు నాన్న.

ఆ రోజు నుంచి అమ్మ నా చాప తలుపు దగ్గర పరిచేది. అంత ఇరుకు గదిలోనూ కిటికీ కింద ఏమీ పెట్టనిచ్చేది కాదు. ఆ పిల్ల తిరిగొస్తుందని, ఆమె కోసమే అమ్మ చోటు ఉంచిందని అనుకున్నాను. చుట్టాలెవరైనా అక్కడ కూర్చోబోతే, "అది ఒకమ్మాయి చోటు" అని చెప్పేదాన్ని.

అమ్మ భయపడిందో, జాలిపడిందో ఇప్పటికీ తెలియదు. నా మాటను మాత్రం ఒక్కసారీ కాదనలేదు.