జానపదం అని రాసింది నేనే

ఒక మాటను చాలా ఏళ్లుగా మోస్తున్నాను. పత్రికల్లో పనిచేసినవాణ్ణి, ఎన్నో మాటలు రాశాను, మరిచిపోయాను. ఈ ఒక్కటి మాత్రం పోలేదు. జానపదం.

చమురు డబ్బుతో ఖతర్ రాజధాని దోహా అంతా తవ్వి కడుతున్న రోజులు. నేనక్కడ ఒక పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. జగిత్యాల వైపు నుంచి వచ్చిన తాపీమేస్త్రీ మల్లయ్య, శుక్రవారాలు కూలీల క్యాంపులో పళ్లెం మీద దరువేస్తూ తను కట్టిన పాట పాడేవాడు. భర్త ఖతర్‌లో ఉంటే దుబాయ్‌లో ఉన్నాడనుకుని ఆ దిక్కే చూసే భార్య మీద పాట అది. చివరి చరణంలో పాట కట్టినవాడిగా మల్లయ్య పేరుండేది. నేను దాన్ని టేపు చేసి, దోహాలోనే అల్ మన్సూరా పేటలో క్యాసెట్లు చేయించి అమ్మే ఒకతనికి వినిపించాను. జానపదమంటే కొంటారు, కూలీ పేరెందుకన్నాడు. చివరి చరణం కొట్టేసింది నేను. అట్ట మీద 'జానపదం' అని రాసి, 'సేకరణ' అని నా పేరు పెట్టుకున్నాను. ఆ క్యాసెట్ కోసం హైదరాబాదులో ఎవరో గాయకుడు పాడాడు. మల్లయ్యకు చెప్పలేదు. వద్దంటాడనా? లేక, చెబితే అతని పేరు పెట్టక తప్పదనా?

మల్లయ్య సెలవు మీద ఊరెళ్లి, తిరిగొచ్చాక నా దగ్గరికి వచ్చాడు.

"ఊర్ల నా పాట పాడిన, సారూ. క్యాసెట్ల పాట మంచిగనే నేర్చుకున్నవ్ మల్లన్నా అని నవ్విండ్రు. నా పెండ్లాం సుత నవ్వింది."

నేను బల్ల మీది ప్రూఫులు సర్దసాగాను.

"అట్ట మీద రాసున్న జానపదమంటే ఏంది, సారూ?"

"జనం పాట."

"మరి నేను జనంల లేనా?"

డ్యూటీ ఉందని వెళ్లిపోయాడు. ఆపలేదు.

ఆ క్యాసెట్ చూసే హైదరాబాదులో ఒక పత్రికవాళ్లు నాకు ఉద్యోగమిచ్చారు. అక్కడ అమెరికా నల్లవారి బ్లూస్ పాటల మీద వ్యాసం రాశాను: పొలాల్లో, రైలుకట్టల మీద పుట్టిన పాటల్ని రికార్డు కంపెనీలు ఎలా అమ్ముకున్నాయో, కట్టినవాళ్ల పేర్లు పోయి హక్కుదారులుగా ఇంకెవరో ఎలా చేరారో. పాఠకులు మెచ్చుకున్నారు. అది రాస్తున్నప్పుడు నా చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఇప్పుడు నన్ను ఎక్కువగా భయపెట్టేది అదే.

మల్లయ్య ఉన్నాడో లేడో తెలియదు. వెతికానా? లేదు. దొరుకుతాడేమోనని వెతకలేదు. మిమ్మల్ని క్షమించమనడం లేదు. అది మీ చేతిలో లేదు. కానీ ఒక్కసారైనా అచ్చులో ఉండాలి. ఆ పాట జానపదం కాదు. మల్లయ్య కట్టాడు, భార్య కోసం. ఇంత రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకు మించి ఏమీ మారలేదు.