కొండవాలులో నాటిన సుగంధి

మొన్న శ్రావణ మాసంలో ఉరుకుంద గుడికి పోయే జనంతో ఆదోని బస్టాండు కిక్కిరిసి ఉంటే, ఎమ్మిగనూరు బస్సు కోసం ఎండలో నిలబడలేక పక్కనున్న బండి దగ్గర ఒక గ్లాసు సుగంధి షర్బత్ తీసుకున్నాను. ఒక్క గుక్కకే ఇది వేరుతో చేసింది కాదని నాలుకకు తెలిసిపోయింది. అడిగితే ఆ బండి అతను ఏమీ దాచకుండా రంగు సీసా, వాసన సీసా రెండూ చూపించి, "వేరు యాడిదమ్మా ఇప్పుడు? నేనైతే కంటితో సూసిందే లేదు" అన్నాడు. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. మీలో నా ఈడు వాళ్ళకు ఆ వేరు దంచితే వీధి వీధంతా ఎలా గుమగుమలాడేదో నేను చెప్పనక్కరలేదు.

మా నాన్నకు, మేము అబ్బా అని పిలిచే ఆయనకు, ఆదోని బజారులో మూలికల అంగడి ఉండేది. డెబ్బైలలో, నేను బడికి పోయే రోజుల్లో, గోనెగండ్ల వైపు కూలి ఆడవాళ్ళు పొలం పనులు లేని నెలల్లో కొండలెక్కి సుగంధి వేర్లు తవ్వి, మోపులు తల మీద పెట్టుకుని మా అంగడికి తెచ్చేవాళ్ళు. వాళ్ళలో పెద్దామెను ఇంటిల్లిపాదీ అవ్వ అనే పిలిచేవాళ్ళం. ఆమె వచ్చిన రోజు మా అమ్మ రొట్టె పెట్టకుండా పంపేది కాదు. ఆ మోపులు ఏటేటా చిన్నవవుతూ వచ్చాయి. కాయ పగిలి గింజ గాలికి ఎగిరేదాకా ఎవరూ ఆగడం లేదు, తీగ కనబడితే తవ్వేస్తున్నారు.

నేను వృక్షశాస్త్రం చదివింది అందుకేనని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, నిజానికి నాకు సీటు దొరికింది అందులోనే. అయితే ఎనభైల నడుమ, దూరపు ఊళ్ళో పై చదువులో ఉండగా, గాజుగొట్టాల్లో పెంచిన చిగుళ్ళను చిన్న చిన్న ముక్కలుగా కోసి, సముద్రపు నాచు నుంచి తీసిన జిగురులో కలిపి, కాల్షియం కలిపిన నీళ్ళలో బొట్టుబొట్టుగా వదిలితే, ఒక్కో బొట్టూ ఉడికిన సగ్గుబియ్యపు గింజలా గట్టిపడి లోపల ప్రాణమున్న విత్తనమవుతుందని కళ్ళారా చూసినప్పుడు, నాకు మా కొండలే గుర్తుకొచ్చాయి. గింజ కట్టనివ్వని తీగకు మనమే గింజ కట్టించవచ్చు కదా అనిపించింది.

చదువు ముగించి ఆదోనిలోనే ఒక కాలేజీలో చేరి, పాత సామాన్లు పడేసే గదిని ఆ పనికోసం బతిమాలి తీసుకున్నాను. మా ఎండలూ, మా కరెంటూ మీరెరుగనివి కావు. కరెంటు పోయి గది కాగిపోతే గొట్టాలన్నీ బూజు పట్టేవి. పారబోయడం, కడగడం, మళ్ళీ మొదలుపెట్టడం. అబ్బా అంగడి మూసి వస్తూ కిటికీలోంచి తొంగి చూసి, "ఇది ఎప్పటికైనా కొండ ఎక్కుతుందా బేటీ?" అనేవాడు. అది ఎగతాళి కాదు, ఆశ. చివరికి నా గింజలు మొలిచాయి. తొట్లలో నిలదొక్కుకున్న మొలకలను తొలకరికి ఊరి అవతల కొండవాలులో, బండల సందుల్లో నాటించాము. నాటడానికి వచ్చింది అవ్వా, ఆమె కోడలే. ఆ ఏడాది తీగలు బండల మీదికి పాకుతుంటే అబ్బా చూసి చూసి మురిసిపోయాడు.

తర్వాత వానలు మొహం చాటేశాయి. వేరుశనగ చేలు వేసినవి వేసినట్టే ఎండిపోయి, కూలి లేక సంసారాలు మూటలు కట్టుకుని బళ్ళారి దిక్కుకు పోతున్న కాలం. ఒక మధ్యాహ్నం నేను అంగడిలో ఉండగానే అవ్వ వచ్చి చిన్న మోపు దించింది. చీపురుపుల్లల్లాంటి లేత వేర్లు. ఎక్కడివో చూడగానే నాకు తెలిసిపోయింది. అబ్బానే అడిగాడు, "యాడ తవ్వినావు అవ్వా?"

ఆమె దాచలేదు. "పాప నాటించిన కాడే సాయిబూ. తెలిసే తవ్వినా. కోడలు బాలింత, పాలు పడ్ల్యా. ఇంట్లో జొన్నగింజ ల్యాదు." నా వైపు తిరిగి, "ఈ సేత్తోనే నాటితి, ఈ సేత్తోనే తవ్వితి. తిట్టు తల్లీ, పడతా" అంది.

నేను వంగి మోపు విప్పి, వేర్లు లెక్కపెట్టాను. అబ్బా లోపలికి పోయి మా ఇంటికని తెచ్చిన జొన్నల సంచి ఎత్తుకొచ్చి ఆమె తలకెత్తాడు. ఆమె వీధి మలుపు తిరిగాక, "మనం కొనబట్టే కదా బేటీ ఆమె తవ్వింది" అని కూలబడిపోయాడు. ఆ తర్వాత ఆయన సుగంధి ముట్టలేదు గానీ, అదే బజారులో ఇంకో అంగడివాళ్ళు ఆ వేర్లు కొన్నారు.

అవ్వ వచ్చిపోయిన ఆ సాయంత్రమే నేను కొండకు పోతే గుంటలే ఉన్నాయి. ఆ ఎండాకాలం కరెంటు కోతల్లో గొట్టాల్లోవీ చచ్చిపోయాయి. మళ్ళీ మొదలుపెడదామంటే చిగురు తెచ్చుకోవడానికి ఎంత తిరిగినా ఒక్క తీగ దొరకలేదు. కాలేజీ వాళ్ళు గది వెనక్కి తీసుకున్నారు. అవ్వ మనవడు ఆ ఎండలు దాటలేదని చాన్నాళ్ళకు తెలిసింది. మొక్కా మిగల్లేదు, బిడ్డా మిగల్లేదు. నేను ఎమ్మిగనూరు చేరి, ఉద్యోగం అయిపోయేదాకా పిల్లలకు పువ్వుల భాగాలు చెప్పుకుంటూ బతికాను.

ఇప్పుడు అలాంటి విత్తనాలను కరెంటు పోని చల్లని గదుల్లో సునాయాసంగా చేస్తున్నారట. మా కొండవాలు మాత్రం కంకర మిషన్ల పాలైంది, నాటుదామన్నా మట్టి లేదు. అబ్బా లేడు, అవ్వా లేదు. ఆ రోజు ఆమెను నోరారా తిట్టి ఉంటే బాగుండేదని ఈ వయసులో అనిపిస్తుంది. కోపమైతే ఎప్పుడో చల్లారిపోయేది.