స్టీరింగు ముట్టకూడని రోజులు

పుంగనూరు దాటాక ముందు వెళ్తున్న లారీ నుంచి బ్రేకులు మాడిన వాసన వచ్చింది. కారు అద్దం ఎత్తేశాను. అయినా వాసన పోలేదు. ఆ వాసనకు నాకు మునిరత్నమ్మ గుర్తొస్తుంది. పుంగనూరులో ఇరవై ఏళ్లు స్కూలు వ్యాను నడిపిన మనిషి, నాకు కారు నేర్పిన గురువు. పోయి రెండేళ్లయింది.

నేను ఆమె దగ్గరికి వెళ్లింది సరదాకు కాదు, భయం పోగొట్టుకోవడానికి. అంతకుముందు మదనపల్లెలో నా కూతురిని స్కూటరు మీద తీసుకెళ్తూ మలుపులో పడేశాను. దాని చెయ్యి విరిగింది. ఆ రోజే నాకు నెలసరి మొదలైంది. "పూజ చేసిన బండిని యాల ముట్టినావు? ఆ మూడు దినాలు దాని జోలికి పోవద్దని సెప్పలా?" అంది మా అత్త. "పెట్రోలు పోస్తే పోతాది బండి, దానికి ముట్టేం తెలుసత్తా?" అని నేనూ ఎగిరాను. నోటికి నేనెప్పుడూ తక్కువ కాదు. కాని కాలేజీలో ఫిజిక్సు చెప్పే నేను లోపల ఆమె మాటే నమ్మాను. దేవుడికి కోపమని కాదు. ఆ రోజుల్లో నా తల, నా చేతులు నా మాట వినవని. తేదీ దగ్గర పడేకొద్దీ కారు తాళం కంటపడకుండా బీరువాలో పెట్టేసేదాన్ని. మళ్లీ ఎవరి చెయ్యి విరుగుతుందో, ఈసారి చెయ్యితో ఆగుతుందో లేదో.

ఒంట్లో బాగాలేదని రెండు నెలలు ఆ రోజుల్లో కారు పాఠాలు ఎగ్గొట్టాను. మూడో నెల మునిరత్నమ్మ నేరుగా ఇంటికొచ్చింది. "నెలనెలా అదే దినాలకు ఒళ్లు సెడతాదా మేడం? నేనూ ఆడదాన్నే, నాకు కతలు సెప్పొద్దు." పిల్లలెవరో వ్యానులో మరిచిపోయిన చెక్క స్కేలు తీసింది. దాన్ని నిలువుగా పట్టుకుని, కింద నా రెండు వేళ్లు తెరిచి ఉంచమంది. చెప్పకుండా వదిలేసింది. ఎన్నో అంకె దగ్గర పట్టుకున్నానో చూసి చెప్పింది: "రోజూ ఇట్లే సూసుకో. అంకె పెరిగితే సెయ్యి నిదానమైనట్టు. బండెక్కే ముందు నేనూ సూసుకుంటా. నిద్ర పట్టిందా లేదా అది కూడా రాసుకో."

మూడు నెలలు రాశాను. నేను వణికిపోయిన ఆ మూడు రోజుల్లో చేతికి ఏమీ కాలేదు. రెండోరోజు ఇంకా చురుకే. వేళ్లు ఆలస్యమైంది అంతకుముందు రెండుమూడు రోజులు, అదీ నొప్పితో నిద్ర లేనప్పుడు మరీ. స్కూటరు పడిన రోజుకు ముందు రాత్రి నేను కన్ను మూయలేదన్న సంగతి అప్పుడు తట్టింది. ఇది నా ఒక్కదాని కథ, అందరి ఒళ్లూ ఇంతేనని నేననను. "అయితే తేడా ఉన్నట్టే కదక్కా" అన్నాను, ఓడిపోయినట్టుగా. "ఉండాది. లేదని అబద్ధం సెప్పను. ఆ దినాల్లో ముందు బండికి ఇంకొంచెం ఎనకాల పో. వానొస్తే నిదానంగా పోవా? దానికని తాళం అత్త చేతికిస్తావా?"

నా కూతురి పరీక్ష కుప్పంలో పడింది, సరిగ్గా నెలసరి ముందురోజు. రాత్రి నిద్ర లేదు. పొద్దున స్కేలు వేళ్ల మధ్య నుంచి పూర్తిగా జారి నేల మీద పడింది. "నువ్వే నడుపక్కా" అన్నాను, తోడు వచ్చిన మునిరత్నమ్మతో. "నేనుంటాను. నడిపేది నువ్వే" అని పక్కన కూర్చుంది. పిల్ల వెనక సీట్లో. వి.కోట దాటాక, దూరంగా ముందు పోతున్న టమాటా ట్రేల లారీ ఒక్కసారిగా ఆగింది. నా కాలు బ్రేకు మీద పడేదాకా ఒక యుగం గడిచింది. కారు ఆగాక, బ్రేకులు మాడిన వాసనలో కళ్లు తెరిచి చూస్తే లారీకీ మాకూ మధ్య ఇంకా బారెడు జాగా ఉంది. వెనక పిల్ల కింద పడిన పెన్ను ఏరుకుంటోంది. మునిరత్నమ్మ హ్యాండుబ్రేకును రెండు చేతులతో పట్టుకుని ఇంకా వదల్లేదు. "నీకూ భయమేనా అక్కా?" "భయం లేకుంటే ఇరవై ఏండ్లు అంతమంది పిల్లోళ్లను ఇండ్లకు సేర్సేదాన్నా?"

ఇప్పుడు నాకు నెలసరి ఆగిపోయింది. "ఇంగ నీకేం అడ్డంలే" అంటుంది మా అత్త. భయం మాత్రం ఆగలేదు. దానికి తేదీ లేదని ఇప్పుడు తెలిసింది. ఈ రోజూ లారీకి చాలా వెనకగా వెళ్తున్నాను. వెనక వ్యానువాడు హారను కొట్టి కొట్టి, పక్కకొచ్చి తల బయటపెట్టాడు. "ఏమ్మా, లారీ ఎనక ఆ సందులో సంత పెడతావా?"

"పెడతానప్పా, నువ్వు దిగి అంగడి ఏసుకో" అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది. కాలు మాత్రం బ్రేకు మీది నుంచి తీయలేదు.