పడవ షాఫ్టుకి కుట్టుమిషన్ నూనె

పెళ్లయిన కొత్తలో మా ఆయనకీ నాకూ మధ్య మాటలు చాలా తక్కువ. ఆయన జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. నేను నందిగామలో సైన్సు టీచర్ని. సాయంత్రం నేను పేటలో మా ఇల్లు చేరగానే, "బస్సు దొరికిందా?" అనేవారు. "దొరికిందండీ" అనేదాన్ని. ఆ రోజుకి అంతే. తొంభైల చివర్లో సంగతి ఇది.

ఆయన ప్రాణమంతా ఒక పడవ మీద ఉండేది. రిమోటుతో నడిచే బొమ్మ పడవ. ఫ్యాక్టరీ నుంచి బదిలీ అయి వెళ్తూ ఒక ఇంజనీరుగారు ఇచ్చి వెళ్లారట. మూరెడు పొడవు, తెల్లటి రంగు. ఆదివారం చర్చి నుంచి రాగానే దాన్ని సంచిలో పెట్టుకుని, రాయి తవ్వడం మానేసిన పాత క్వారీకి వెళ్లేవారు. వానాకాలం నీళ్లు ఆ గోతిలో ఎండాకాలం దాకా నిలిచి ఉండేవి. కొన్నాళ్లకి నన్ను కూడా స్కూటరెక్కించుకుని తీసుకెళ్లడం మొదలుపెట్టారు.

పడవ నడపడం కంటే ఇంటికొచ్చాక దానికి చేసే సేవే ఎక్కువ. మోటారు నుంచి వెనక ఫ్యానుకి సన్నటి ఉక్కు కడ్డీ ఒకటి వెళ్తుంది. అదే షాఫ్టు. అది ఇత్తడి గొట్టంలో తిరుగుతుంది. పడవ నీళ్లలో దిగిన ప్రతిసారీ ఆ కడ్డీని బయటికి లాగి, తుడిచి, వంగిందేమోనని అద్దం పలక మీద దొర్లించి చూసి, గొట్టం నిండా గ్రీజు పెట్టి మళ్లీ ఎక్కించాలి. కడ్డీ మెత్తగా తిరగడానికే కాదు, గొట్టంలోంచి నీళ్లు పడవలోకి ఎక్కకుండా ఉండటానికీ ఆ గ్రీజే దిక్కు.

ఒకసారి ఫ్యాక్టరీలో ఆయన బొటనవేలు నలిగింది. కట్టుతో తంటాలు పడుతుంటే చూడలేక, "ఇటివ్వండి, నేను చేస్తా" అన్నాను.

"చెయ్యంతా జిడ్డవుద్ది."

"కడుక్కుంటాలెండి."

వేలు నయమయ్యాక కూడా ఆ పని నాకే ఉండిపోయింది.

ఒక శనివారం చూస్తే గ్రీజు డబ్బా ఖాళీ. ఆయన డ్యూటీలో ఉన్నారు. ఏదైతేనేం, జారేదే కదా అని కుట్టుమిషన్ నూనె గొట్టంలో పోసి కడ్డీ ఎక్కించేశాను. సైన్సు టీచర్నన్న ధీమా ఒకటి.

మర్నాడు క్వారీలో పడవ రెండు చుట్లు బాగానే తిరిగింది. మూడో చుట్టులో మోటారు గొంతు బొంగురుపోయింది. పడవ వెనక భాగం నీళ్లలోకి దిగి, ముక్కు పైకి లేచి, గోతి నడిమధ్య ఆగిపోయింది. ఆయన మీట ఎటు తిప్పినా చలనం లేదు. ఆ నీళ్ల లోతు ఎంతో ఎవరికీ తెలియదు. దిగే ప్రసక్తే లేదు.

"ఏమండీ, తప్పు నాదే. గ్రీజు లేదని కుట్టుమిషన్ నూనె పోశా" అన్నాను.

"తెలుసులే. పొద్దున సంచిలో పెట్టేటప్పుడు వాసనొచ్చింది."

"తెలిసీ ఎందుకు వదిలారు?"

ఆయన రిమోటు వంకే చూస్తూ, "నువ్వు బిగించింది నేను మళ్లీ విప్పితే చిన్నబుచ్చుకుంటావని" అన్నారు.

"పడవ మునిగిపోతే?"

"మునగదు. లోపల థర్మోకోల్ కుక్కాగా. గాలికి అదే ఒడ్డుకొస్తది."

ఇద్దరం ఒక బండరాయి మీద కూర్చున్నాం. గాలి ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. పడవ జానెడు కదిలితే అరగంట ఆగేది. ఏం తోచక అడిగేశాను: "నాతో మాట్లాడటం మీకు ఇష్టం ఉండదా?"

ఆయన ఉలిక్కిపడ్డారు. "అదేం మాట? ఇంటరు రెండుసార్లు తప్పినోణ్ణి. టీచరమ్మతో ఏం మాట్లాడితే ఏం తప్పు దొర్లుద్దోనని..." అని ఆగిపోయారు.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్లూ ఆయనకి నేను నచ్చలేదేమోనని నేను, నా కంటికి ఆయన ఆనరేమోనని ఆయన! ఆ మధ్యాహ్నం ఆయన తన పని గురించి చెప్పారు. బేరింగు చెడిపోబోతుంటే చెవితో ఎలా పసిగడతారో, సున్నపురాయి దుమ్ము ఇనుమును ఎలా తినేస్తుందో చెబుతూ పోయారు. అంత శ్రద్ధగా నేను ఏ పాఠమూ వినలేదు. పొద్దు వాలేసరికి పడవ ఎదుటి ఒడ్డుకి తగిలింది. రాళ్ల మీద నడవడానికి ఆయన చెయ్యి అందించారు.

మర్నాడు ఇద్దరం హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్లాం. "నీళ్లకి కరగని గ్రీజు కావాలండీ, పడవకి" అన్నాను. కొట్టు శెట్టిగారు కళ్లజోడు పైకి నెట్టి, "మన పేటలో పడవేంటమ్మా?" అన్నారు. దారంతా అదే అనుకుంటూ నవ్వుకున్నాం.

రెండు వేల సంవత్సరం దాటాక నందిగామకి మారాం. నీళ్లు తగ్గినప్పుడు అక్కడి మునేరు ఏట్లో పడవ వదిలేవాళ్లం. ఇసుక గొట్టంలోకి దూరి షాఫ్టుని గీతలు గీతలుగా కోసేసింది. ఆ తర్వాత మోటారు కాలిపోయింది. అలాంటిది విజయవాడలో కూడా దొరకలేదు. చివరికి పడవని మా బడి సైన్సు గదిలో పెట్టాం.

ఒకరోజు ఆయన్నే పిలిచి, పిల్లలకి షాఫ్టు విప్పి చూపించమన్నాను. మొదట ఒప్పుకోలేదు. తీరా వచ్చాక గంట కొట్టినా ఆపలేదు. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను.