హద్దురాయికి పెట్టిన బొట్టు

నా చిన్నప్పుడు మా ఊరు చిట్కుల్‌లో మాకు జొన్నచేను ఉండేది. చేను నడుమ మోకాలెత్తు రాయి ఒకటి. పోచమ్మ అనుకుని నేనే దానికి పసుపు పూసి బొట్టు పెట్టేదాన్ని. పక్కచేను అత్త కూడా విత్తనాలు వేసేముందు వచ్చి మొక్కిపోయేది. పెనిమిటి లేని మనిషి, ఆ కాస్త చెలకే ఆమెకు ఆధారం.

ఒకరోజు బడిలో చరిత్ర పాఠం చెప్పారు. ఒక రాజు పొరుగు రాజ్యాన్ని తన రాజ్యంలో కలుపుకున్నాడట. కలుపుకోవడమంటే అందరూ ఒక్కటవడమే కదా, మంచిపనే అనుకున్నాను. ఇంటికొచ్చి అదేనా అర్థమని మా తాతయ్యను అడిగాను. ఆయన నా చెయ్యి పట్టుకుని చేనుకు తీసుకెళ్లాడు.

రాయి ముందు నిలబెట్టి, "ఇది పోచమ్మ కాదు బిడ్డా. మనకూ అత్తకూ నడుమ హద్దురాయి" అన్నాడు. తాతయ్య వాళ్ల నాయన దున్నినప్పుడల్లా ఏటా ఒక్కో సాలు అత్త చేనులోకి జరిగాడట. చివరికి రాయి మా చేను మధ్యకొచ్చింది. పీకేస్తే పదిమందికీ తెలుస్తుందని పసుపు పూసి దేవతను చేశాడు. దేవత దగ్గర హద్దు ఎవరు వెతుకుతారు?

"కలుపుకున్నమని గుంజుకున్నోడంటడు. పోగొట్టుకున్నోళ్లు ఏమంటరో గది అడుగు, గప్పుడు అర్థమైతది" అన్నాడు. జొన్నలు కోశాక అత్తది అత్తకు ఇచ్చేస్తానని, అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు.

కోత కాకముందే ఫ్యాక్టరీల కోసం రెండు చేన్లూ పోయాయి. సర్కారు నోటీసులో 'సేకరణ' అని రాశారు. అదీ తీసుకున్నవాళ్ల మాటే. బుల్డోజర్ ఆ రాయిని ఎటు నెట్టేసిందో తెలియదు. తాతయ్య అరుగు మీద కూలబడి, "తిరిగియ్యనీకి కూడ ఏం లేకపాయె" అన్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అత్త ఇస్నాపూర్‌లో కిరాయి గదికి మారి, కూలికి పోయేది. కనిపించినప్పుడల్లా, "మన పోచమ్మ ఏమైందో బిడ్డా, నా మొక్కు తీర్చకపోతి" అని కళ్లొత్తుకునేది. నిజం నా నోటిదాకా వచ్చి ఆగిపోయేది. తాతయ్య పోయాక కూడా చెప్పలేకపోయాను. ఒట్టు ఒక సాకు, అంతే. నాకు సిగ్గేసింది.

ఇప్పుడు టీవీలో ఏదో దేశం పొరుగు నేలను కలుపుకుందని చెప్తే, ఆ నేలవాళ్లు దాన్ని ఏమంటున్నారోనని చెవిపెట్టి వింటాను. మా అత్త ఏమనేదో మాత్రం ఎప్పటికీ తెలియదు. ఫ్యాక్టరీల కన్నా ముందే తన నేలను మేము గుంజుకున్నామని కూడా ఆమెకు తెలియనివ్వలేదు.